గేటు పక్కన మోచెయ్యి

ఆ రోజుల్లో బెజవాడలో గేటు బయట నిలబడిన మనిషి తన పేరు చెప్పేవాడు కాదు. లోపలినుంచి "ఎవరు?" అంటే "నేనే" అనేవాడు. "నేనంటే ఎవరు?" అని మళ్ళీ అడిగితే "నేనేనండీ బాబూ" అనేవాడు, ఇంత దగ్గరివాణ్ణి గొంతు పోల్చుకోలేకపోయారా అన్న నిష్ఠూరంతో. పాలవాడూ నేనే, పోస్టుమానూ నేనే, శుభలేఖ పట్టుకుని దివిసీమ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన దూరపు చుట్టమూ నేనే. (దొంగ వచ్చినా ఆ మాటే అనేవాడనీ, మావాళ్ళు తలుపు తీసేవాళ్ళనీ నా నమ్మకం.) ఇలా పేర్లు లేని మనుషులతోనే ఊరంతా సుఖంగా బతికింది. బతకలేనివాడు మా పెదనాన్న ఒక్కడే.

పెదనాన్న ఒక సహకార బ్యాంకులో తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది కానీ తనిఖీ వదల్లేదు. పాల ప్యాకెట్టును వెలుతురుకు ఎత్తి చూసేవాడు. గేటుకు తాళం వేసి లాగి చూసి, నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేత్తో పట్టుకుని పటమటలో వాళ్ళింటికి వచ్చి మేడమీది గదిలో దిగిన రోజున, ఏ బస్సులో వచ్చానో అడిగి, టికెట్టు చూపించమన్నాడు. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరైనా తుమ్మినా, పిల్లి అడ్డం వచ్చినా, ఎదురు సరిగ్గా లేకపోయినా లోపలికి వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు వెళ్ళేవాడు. "ఇవన్నీ నమ్ముతావా పెదనాన్నా?" అని ఒకసారి అడిగాను. "నమ్మకం కాదురా, జాగ్రత్త" అన్నాడు. తాళం సంగతి అడిగినప్పుడూ అదే జవాబు. "అనుమానం కాదురా, జాగ్రత్త."

ఆ ఇంటికి తొంభైల్లోనే ఇంటర్‌కమ్ ఉండేది. గేటు స్తంభానికి చిల్లులు పొడిచిన ఒక అల్యూమినియం పలక, దానికో మీట. హాల్లో గోడకు ఒక ఫోను. వానకు నానీ ఎండకు ఎండీ అందులో వచ్చే గొంతు మూకుట్లో పేలాలు వేయిస్తున్నట్టు ఉండేది. ఆ చిటపటల మధ్య నుంచి "నేనే" అని వినిపించేది. పెదనాన్న ఫోను పట్టుకుని "నేనంటే ఏ నేను? ఇంటిపేరు చెప్పు. ఏ ఊరు? ఎవరు పంపారు?" అని విచారణ మొదలుపెట్టేవాడు. ఈలోపు మా పెద్దమ్మ పెరటి గుమ్మం నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, గేటు తీసి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కాఫీ కూడా ఇచ్చేసేది. ఆయన ఇంకా హాల్లో ఫోను చెవికి ఆనించుకుని "పలకవేం?" అంటూ ఉండేవాడు.

నాకు గవర్నర్‌పేటలో ఇంటర్‌కమ్‌లూ కాలింగ్ బెల్లులూ అమ్మే ఒక షాపులో పని దొరికింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. వీడియో డోర్ ఫోను అనేది అప్పుడే వచ్చింది. గేటు దగ్గర మీట నొక్కితే లోపల అరచేతంత తెరమీద మనిషి మొహం కనబడుతుంది, నలుపు తెలుపుల్లో. మా ఓనరుగారు ఒక సెట్టు తెప్పించి అద్దాల బీరువాలో పెట్టారు. చూడటానికి అందరూ వచ్చేవారు, కొనడానికి ఎవరూ రాలేదు. నేను చేరిన దగ్గర్నుంచి ఏదీ అమ్మకపోవడం కూడా ఆయన గమనిస్తూనే ఉన్నారు. ఒకరోజు "మీ పెదనాన్నగారికి పెట్టు. దసరా దాకా ఉంచుకోమను. నచ్చితే తీసుకుంటారు. నచ్చకపోతే విప్పి తెచ్చెయ్. కానీ ఒకటి చెబుతున్నా అబ్బాయ్, ఆ సెట్టు వెనక్కి వస్తే దాన్ని ఇక్కడ దించేసి నువ్వు అట్నుంచి అటే ఇంటికెళ్ళు" అన్నారు. అలా నా మొదటి ఉద్యోగం మా పెదనాన్న అనుమానం మీద ఆధారపడింది. అంతకన్నా గట్టి పునాది ఉండదని నేను సంబరపడ్డాను.

పాత తీగ లాగేసి కొత్త తీగ వేశాను. పాత పలక ఉన్న ఎడమ స్తంభం మీదే కెమెరా బిగించాను. ఆ స్తంభం పక్కన ఒక సన్నటి సందు ఉంది, రోడ్డుమీద నుంచి వెనక వీధిలోకి. హాల్లో తెర వెలగగానే పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఖాళీ రోడ్డును చాలాసేపు చూసి "ఇందులో సీరియల్స్ రావట్రా?" అంది. పెదనాన్న కళ్ళు సెట్టు మీద ఉన్న రెండో మీట మీద పడ్డాయి.

"ఇదెందుకు?"

"బెల్లు కొట్టకపోయినా మనకు చూడాలనిపిస్తే అది నొక్కొచ్చు పెదనాన్నా. బయటివాళ్ళకు తెలియదు."

"తెలియదా?"

"తెలియదు."

ఆయన మొహంలో అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఆయన పేపరు చదవడం మానేశాడు. తెర ముందు కుర్చీ వేసుకుని మీట నొక్కేవాడు. కాసేపటికి బొమ్మ దానంతట అదే ఆరిపోయేది. మళ్ళీ నొక్కేవాడు. బెల్లు కొట్టేముందు మనుషులు ఏం చేస్తారో ఆయనకు తెలిసిపోయింది. కరెంటు రీడింగు తీసే అతను పళ్ళు కుట్టుకుంటాడు. ఎదురింటి టీచరమ్మ, వాళ్ళ చర్చి వార్షికోత్సవానికి చందా అడగడానికి వచ్చి, ముందు ఏమనాలో రెండుసార్లు పెదాలతో అనుకుని చూసుకుంటుంది. పెద్దమ్మ తమ్ముడు జేబులోంచి దువ్వెన తీస్తాడు. "చూశావా, ఒక్కడూ ఉన్నవాడు ఉన్నట్టు లోపలికి రాడు" అనేవాడు పెదనాన్న. గవర్నర్‌పేటలో ఆయన స్నేహితుడి ఎరువుల షాపు ఉంది. రోజూ పొద్దున స్కూటరు మీద వెళ్ళి అక్కడ లెక్కలు చూసి వచ్చేవాడు. ఇప్పుడు ఆ బయల్దేరడం ఆలస్యమవుతోంది. ఎండ ఎక్కినా ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటున్నాయి.

ఒక పొద్దున పైనుంచి దిగి వస్తుంటే కేకేశాడు. "ఒరేయ్, ఇలా రా. చప్పుడు చెయ్యకు."

తెరమీద రోడ్డు, ఎదురింటి ప్రహరీ, ఒక ఆటో. ఎడమ అంచున మాత్రం ఏదో ఉంది. పరీక్షగా చూస్తే మోచెయ్యి. దాని కింద ఒక సంచి కొస. ఎవరో స్తంభాన్ని ఆనుకుని, కెమెరాకు అందకుండా నిలబడి ఉన్నారు. పెదనాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి గొళ్ళెం లాగాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. సందులోకి తొంగి చూశాడు. అక్కడా లేరు. లోపలికి వచ్చి మీట నొక్కాడు. కాసేపటికి ఆ మోచెయ్యి మళ్ళీ వచ్చింది.

"ఆడమనిషి" అన్నాడు పెదనాన్న. "దొంగల ముఠాల్లో ముందు ఆడవాళ్ళనే పంపుతారు, ఇంట్లో ఎవరెప్పుడు బయటికి వెళుతున్నారో చూడ్డానికి. నేను వెళ్ళేదాకా ఉంటుంది చూడు." చీర రంగు పోల్చుకుందామంటే ఆ తెరమీద ఏ చీరైనా బూడిద రంగే. "ఏంట్రా నీ మిషను? మనిషిని చూపించమంటే మోచెయ్యి చూపిస్తుంది. మనిషెవరో తేలాలి. తేలకపోతే దసరాకి పట్టుకుపో."

తర్వాత గొంతు తగ్గించి పెద్దమ్మతోనూ నాతోనూ "ఈ సంగతి చెల్లాయి చెవిన పడనీకండి" అన్నాడు.

చెల్లాయి అంటే మా మేనత్త. మామయ్య చల్లపల్లిలో బడిపంతులుగా చేస్తూ పోయాడు. పిల్లల్లేరు. కర్మలన్నీ అయ్యాక పెదనాన్న స్వయంగా వెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. ఇంటిపని చాలావరకు ఆవిడే చేసేది. తెల్లవారుతూనే రైతు బజారుకు నడిచి వెళ్ళి కూరలు తెచ్చేది. అన్నాచెల్లెళ్ళు ఎక్కువ మాట్లాడుకోగా నేను చూడలేదు. అప్పుడప్పుడు ఆవిడ "ఇల్లు పాడుబడిపోతోందన్నయ్యా, నేను చల్లపల్లి వెళ్ళిపోతా" అనేది. ఆయన "ఆ ఇంట్లో ఏముందని?" అనేవాడు. ఆవిడ ఊరుకునేది. కొన్నాళ్ళకు మళ్ళీ అనేది. "అసలే వెళతానంటోంది. దొంగల భయం కూడా పెడితే రేపే బస్సెక్కుతుంది" అన్నాడు పెదనాన్న. అంచేత మోచెయ్యి సంగతి ఆవిడకు తెలియకుండా మేం ముగ్గురం చాలా జాగ్రత్తపడ్డాం. ఆవిడ కూరల సంచితో లోపలికి రాగానే మాట మార్చేవాళ్ళం.

ఉద్యోగం పోతుందన్న భయంతో నేను కూడా అందర్నీ అనుమానించడం మొదలుపెట్టాను. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు చదివే అలవాటు ఉండేది కాబట్టి పద్ధతి తెలుసు. ఎవరిమీద అనుమానం రాదో వాళ్ళే దోషులు. ఆ లెక్కన ముందు ఎదురింటి టీచరమ్మను అనుమానించాను. ఆవిడ ఆ సమయానికి బడిలో ఉంటుందని తేలింది. తర్వాత ఎదురుగా ఇస్త్రీ బండి ఆయన్ని. ఆయన మోచేతుల నిండా వెంట్రుకలు. పెదనాన్న మాత్రం ఇవేవీ లేకుండా నేరుగా చేపలావిణ్ణి పట్టుకున్నాడు. ఆవిడ బందరు వైపు నుంచి తొలి బస్సులో తట్టతో వచ్చి వీధుల్లో అమ్ముకునేది. పొద్దున వేళ మా గేటు ముందు తట్ట దించి కాసేపు అలుపు తీర్చుకునేది. నేరానికి ఇంకేం కావాలి?

ఒకరోజు తెరలో ఆవిడ తట్ట దించింది. ఎడమ అంచున మోచెయ్యి ఉంది. పెదనాన్న ఫోను అందుకున్నాడు.

"ఎవరు?"

చేపలావిడ అదిరిపడి గేటు చుట్టూ చూసి, చివరికి స్తంభం వైపు తిరిగింది. "నేనేనయ్యా."

"నువ్వు కనబడుతున్నావు. నీ పక్కనెవరు?"

"నా పక్కన నా తట్టుంది."

"తట్ట కాదు. మనిషి."

ఆవిడ పక్కకు తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపు ఆ మోచెయ్యి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. (ఇది నాకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు నేను దాని అర్థం ఆలోచించలేదు.) "ఏ మనిసీ లేదు. గోడలో కూకుని ఏందయ్యగోరూ ఈ ఇచారణ? బయటికొచ్చి సేపలు సూడండి. కొరమేను, ఇంకా కొట్టుకుంటంది" అని ఒక చేపను తీసి కెమెరా ముందు పెట్టింది. తెర నిండా ఒక చేప కన్ను మమ్మల్ని చూసింది.

వెనకనుంచి పెద్దమ్మ వచ్చింది. "కన్ను తేటగానే ఉంది. మొప్పలు చూపించమనండి."

"నేనిక్కడ దొంగల్ని పడుతుంటే మొప్పలేంటే?"

"చూపించమనండీ!"

"మొప్పలు చూపించమంటోంది" అన్నాడు పెదనాన్న ఫోనులోకి, చాలా కష్టం మీద.

ఆవిడ మొప్పలు ఎత్తి పట్టుకుంది. పెద్దమ్మ తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. మొప్ప ఎర్రగా ఉందో లేదో నలుపు తెలుపుల్లో ఎలా తెలుస్తుంది? "అంతా నల్లగానే ఉంది. ఇదేం మిషనురా, చేపక్కూడా పనికిరాదు!" అంది నాతో. ఆ రకంగా నా సెట్టు మీద రెండో ఫిర్యాదు నమోదైంది. ఈ గొడవలో మోచెయ్యి ఎప్పుడు మాయమైందో ఎవరం చూడలేదు. చేప మాత్రం కొన్నాం.

ఇక నేనే బయట కాపలా కాయాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే షాపుకు వెళుతున్నానని చెప్పి, వెళ్ళి ఇస్త్రీ బండి వెనకాల పీటమీద కూర్చున్నాను. ఇస్త్రీ ఆయన ఏమీ అడగలేదు. అడక్కపోవడం నాకు అనుమానంగా తోచింది. ఎండ పడుతున్నా మా గేటు ముందు ఎవరూ రాలేదు. అంతలో బజారు వైపునుంచి మా అత్తయ్య సంచితో నడిచి వచ్చింది. గేటు దాకా వచ్చి, చువ్వల్లోంచి లోపలికి తొంగి చూసింది. స్కూటరు ఇంకా వసారాలోనే ఉంది. ఆవిడ గేటు తియ్యలేదు. ఎడమ స్తంభం పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, సంచి మోచేతికి తగిలించుకుని నిలబడింది. కొంగు తలమీదకు లాక్కుంది.

లోపల గొళ్ళెం చప్పుడైంది. ఆవిడ చప్పున సందులోకి తప్పుకుని మలుపు తిరిగింది. పెదనాన్న బయటికి వచ్చి, రోడ్డంతా చూసి, సందులోకి తొంగి చూసి, లోపలికి వెళ్ళాడు. ఆవిడ వచ్చి మళ్ళీ అక్కడే నిలబడింది.

నేను రోడ్డు దాటి, కెమెరాకు కనబడకుండా సందులోకి నడిచి, రమ్మని సైగ చేశాను.

"ఇక్కడేం చేస్తున్నావత్తయ్యా?"

"నెమ్మదిగా మాట్లాడరా. మీ పెదనాన్న వెళ్ళాడా?"

"లేదు. లోపలే ఉన్నాడు."

"ఈమధ్య అన్నయ్య ఇంత ఆలస్యంగా బయల్దేరుతున్నాడేంట్రా? ఒంట్లో బాగానే ఉంటోందా? షుగరు చూపించుకోమను."

"నువ్వు లోపలికి ఎందుకు వెళ్ళవు?" అన్నాను.

ఆవిడ సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "బయటికి వెళ్ళే మనిషికి నేను ఎదురెందుకురా? వచ్చిన కొత్తల్లో ఒకసారి అలాగే అయింది. నేను గేటు తీసుకుని లోపలికి వస్తున్నా, తను స్కూటరు తీస్తున్నాడు. నన్ను చూసి 'వంకాయలు లేతగా ఉన్నాయే' అన్నాడు. అని, స్టాండు వేసి లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు, పాపం."

ఆ 'పాపం' ఆయన గురించే.

"అయితే ఇంకాస్త ఆలస్యంగా రావచ్చుగా?"

"వస్తూనే ఉన్నాను. నేను ఎంత ఆలస్యంగా వస్తే తను అంత ఆలస్యంగా వెళుతున్నాడు. ఏం చెయ్యను చెప్పు?"

అప్పుడు నాకు మొత్తం బోధపడింది. మోచెయ్యి కనబడుతోందని ఆయన వెళ్ళడం లేదు. ఆయన వెళ్ళడం లేదని ఆవిడ నిలబడుతోంది. ఎంతసేపు నిలబడితే ఆయనకు అంత అనుమానం. ఈ ఏర్పాటుకు కావలసిన తీగలన్నీ నా చేత్తో నేనే వేశాను.

"నేను పెదనాన్నకు చెబుతా" అన్నాను.

"చెప్పావంటే మధ్యాహ్నం బస్సుకే చల్లపల్లి వెళ్ళిపోతా. ఆయన మనసు కష్టపెట్టి ఈ ఇంట్లో కూర్చోగలనా? చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను.

ఆ పూట షాపులో కూర్చుని తెగ ఆలోచించాను. చెబితే అత్తయ్య వెళ్ళిపోతుంది. చెప్పకపోతే దసరాకు సెట్టూ నేనూ ఇంటిదారి పడతాం. అత్తయ్య అలా ఎండలో నిలబడుతూనే ఉంటుంది. ఒక దశలో ఇస్త్రీ బండి ఆయన మీదకు నేరం నెట్టే ఆలోచన కూడా చేశాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒక ఉపాయం తట్టింది. కెమెరా అద్దం మీద దుమ్ము పట్టిందని పెద్దమ్మకు వినబడేలా అని, గుడ్డా స్క్రూడ్రైవరూ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. మరలు వదులు చేసి, పలక వెనక ఒక అట్టముక్క దోపి, కెమెరాను సందు వైపుకు కాస్త తిప్పి మళ్ళీ బిగించాను. చెప్పనని కదా మాటిచ్చింది, చెప్పలేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు షాపుకు వెళ్ళలేదు. పెదనాన్న స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. తెరలో అత్తయ్య ఉంది. తలమీద కొంగు, మోచేతికి సంచి. మొహమంతా చెమట. ఒక కాలుమీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలుమీదకు మార్చుకుంటోంది. చువ్వల్లోంచి ఒకసారి లోపలికి చూసి, స్కూటరును చూసి, మళ్ళీ గోడకు ఆనుకుంది. బొమ్మ ఆరిపోయింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు.

పెద్దమ్మ వచ్చి వెనకాల నిలబడింది. చాలాసేపటికి ఆయన తలతిప్పకుండా అడిగాడు. "దాన్ని నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?"

"అనలేదు" అంది పెద్దమ్మ. "నీళ్ళు తాగారు."

గేటు దాకా పదడుగులు లేవు, వెళ్ళి పిలిస్తే సరిపోతుంది. కానీ ఆయన లేవలేకపోయాడు. చెయ్యి చాచి ఫోను తీశాడు.

"చెల్లాయ్."

తెరలో అత్తయ్య ఆకాశం వైపు చూసింది. సంచి జారిపడి టమాటాలు రోడ్డుమీదకు దొర్లాయి.

"ఇటు. స్తంభంలోంచి. నేనే. ఎండలో ఎందుకు నిలబడ్డావు? లోపలికి రా."

ఆవిడ స్తంభానికి జవాబు చెప్పింది. "నువ్వెళ్ళన్నయ్యా. నీకు టైమవుతోంది."

"నువ్వొస్తే వెళతా."

"నువ్వెళితే వస్తా."

"నేను వెళ్ళను."

"అయితే నేనిక్కడే ఉంటా."

బొమ్మ ఆరిపోయింది. ఆయన గాభరాగా మీట నొక్కాడు, ఈలోపు ఆవిడ వెళ్ళిపోయిందేమోనని. వెళ్ళలేదు. వంగి టమాటాలు ఏరుకుంటోంది. చేపలావిడ కూడా తట్ట దించి ఏరిపెడుతోంది. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి చూస్తున్నాడు. "ఎల్లమ్మా లోపలికి. గోడే అంతలా బతిమాలతంటే" అంటోంది చేపలావిడ. పెదనాన్న ఫోను పెట్టేశాడు. అది కొక్కానికి తగలక తీగకు వేలాడింది. ఆయన చూసుకోలేదు. తాళంచెవి తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. నేనూ పెద్దమ్మా తెరకు అతుక్కుపోయాం. (నాలుగు అంగలేస్తే గుమ్మంలోంచే చూడొచ్చు. ఆ సంగతి మాకు తట్టలేదు.)

గేటు తెరుచుకుంది. స్కూటరు తోసుకుంటూ పెదనాన్న తెరలోకి వచ్చాడు. అత్తయ్య చప్పున గోడవైపు తిరిగి, మొహం దాచుకుంది, ఎదురు కాకుండా. ఆయన కొంతసేపు ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడ చేతిలో సంచి లాక్కుని స్కూటరు ముందు కొక్కానికి తగిలించాడు.

"టమాటాలన్నీ నలిగిపోయాయి. మళ్ళీ తేవాలి. ఎక్కు."

"నేను నడిచి వెళతా, నువ్వు పనిచూసుకో."

"ఎక్కవే. వెనక కూర్చున్న మనిషి ఎదురెలా అవుతుంది?"

అత్తయ్య దీన్ని గురించి ఆలోచించింది. ఆలోచించడం తెరమీద బాగా కనిపించింది. కొంగు దోపుకుని, ఒకపక్కకు తిరిగి, జాగ్రత్తగా ఎక్కి కూర్చుంది. స్కూటరు తెరలోంచి వెళ్ళిపోయింది. ఇస్త్రీ ఆయన మళ్ళీ పెట్టె అందుకున్నాడు. బొమ్మ ఆరిపోయింది. పెద్దమ్మ నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనే పొద్దున ఆవిణ్ణి బజారుకు తీసుకెళ్ళి, తెచ్చి దింపి, అట్నుంచి అటే షాపుకు వెళ్ళేవాడు. తప్పయిందని ఆయన అన్నట్టు నేను వినలేదు. నాకు అప్పట్లో అది కోపంగానే ఉండేది. ఒక మాట చెబితే పోయేదానికి ఇంత చుట్టుతిరుగుడెందుకని. ఇప్పుడంత కోపం లేదు. ఆ తర్వాత ఆయన పిల్లి అడ్డమొచ్చినా, ఎవరు తుమ్మినా, వెనక్కి వచ్చి నీళ్ళు తాగడం నేను చూడలేదు. ఎండాకాలంలో కూడా, మంచినీళ్ళు కావాలంటే గుమ్మం దగ్గర తాగేవాడు కాదు, పెరట్లోకి వెళ్ళి తాగి వచ్చేవాడు. అత్తయ్య చల్లపల్లి మాట ఎత్తడం తగ్గించింది. కొన్నాళ్ళకు అక్కడి ఇల్లు అద్దెకిచ్చేశారు.

దసరా ముందు మా ఓనరుగారు స్వయంగా వచ్చారు. "సెట్టు ఎలా ఉందండీ?" అని అడిగారు. పెదనాన్న "ఉంచండి" అన్నాడు. ఎలా ఉందో చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం రంగుల్లో కనబడేది ఉంటే చేపలకు బాగుంటుందని సలహా ఇచ్చింది. నా ఉద్యోగం నిలబడింది. ఓనరుగారు వెళ్ళాక పెదనాన్న నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్ళి కెమెరా వైపు చూపించాడు.

"ఇది మొదట్లో రోడ్డు వైపు ఉండేది కదరా? సందు వైపుకు ఎలా తిరిగింది?"

"గాలికి తిరిగి ఉంటుంది పెదనాన్నా."

ఆయన గట్టిగా బిగించి ఉన్న మరల్ని చూశాడు. వెనకాల కొస కనబడుతున్న అట్టముక్కను చూశాడు. నన్ను చూశాడు. "గాలికా" అని లోపలికి వెళ్ళిపోయాడు. పాల ప్యాకెట్టును, బస్సు టికెట్టును వదలని మనిషి ఆ జవాబును మాత్రం తనిఖీ చెయ్యలేదు.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మ కూడా లేదు. అత్తయ్య నిరుడు పోయింది. చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంటే, నేనే ఆ పాత సంగతి ఎత్తి, మాట తప్పకుండా పని ఎలా సాధించానో కొంచెం గొప్పగానే చెప్పాను. ఇన్నేళ్ళూ దాచుకున్న నా ఒక్క డిటెక్టివ్ పని అది. ఆవిడ కాయలు ఏరుతూనే వింది.

"కెమెరా నావైపు తిరిగి ఉందని నేను గోడ దగ్గరికి రాగానే చూశాను" అంది.

"చూశావా? మరి పక్కకు జరగలేదేం? ఒక్క అడుగు వేస్తే సరిపోయేది కదా?"

"కాళ్ళు నొప్పులు పుట్టాయిరా" అంది. "ఎన్నాళ్ళని జరుగుతాను?"

ఆవిడ పళ్ళెం నావైపు తోసి, ముదురు కాయలు వేరుగా పెట్టమంది. తెలివైనవాణ్ణని ఇరవయ్యేళ్ళు నమ్ముకుని బతికిన ఆ స్క్రూడ్రైవరు కుర్రాణ్ణి తలుచుకుని కాసేపు నవ్వుకుంటూ, చెప్పినట్టే వేరు చేశాను.